చెన్నపురి ప్రజోద్యానము: ఒక సార్వజనిక భూమి చరిత్ర

ఉపోద్ఘాతము

గూడూరు మీదుగా వచ్చు రైలుబండిలో చెన్నపురి సెంట్రల్ స్టేషనున దిగి, పూనమల్లి రాజమార్గమును దాటి దక్షిణమునకు పోవు ప్రయాణికునకు ‘పార్కు’ అను పేరుగల చిన్న స్టేషనొకటి కానవచ్చును. దానికి చేరువనే ‘పార్కు టౌను’ అను మరియొక స్టేషను గలదు. ఆ పేట పేరును పార్కు టౌనే. టిక్కెట్టుమీదను, ఉత్తరముల చిరునామాలోను నిత్యము వేలమంది ఆ పేరును వాడుచున్నారు. కాని ‘ఆ పార్కు ఏది?’ అని అడిగినచో వ్రేలెత్తి చూపువారు అరుదు. చూపుటకు అచ్చట మిగిలినది స్వల్పము.

చెరువు పూడిపోయినను చెరువుకట్ట వీధి యుండును. కోట కూలినను కోటవాకిలి యుండును. పార్కు టౌను అట్టి పేరు. ఒకప్పుడు అచ్చట 116 ఎకరముల విశాలమైన తోట యుండెను. దానికి ‘ప్రజల తోట’ యనియే పేరు. దానిని దొంగలెవరును దోచుకొనలేదు; దండెత్తి వచ్చినవారెవరును పాడుచేయలేదు. పట్టణమే, మంచిపనుల కొఱకే, గౌరవనీయుల చేతులమీదుగానే, దానిని తునకలుగా పంచిపెట్టెను. ఆ గౌరవనీయులలో మన తెలుగువారును గలరు.

చెన్నపట్టణమందలి తెలుగువారి చరిత్రను వ్రాయునపుడు మనము కట్టిన భవనములను, ఇచ్చిన విరాళములను, వహించిన పదవులను లెక్కించుట ఆచారము. అది తగినదే. అయితే ఆ భవనములు ఏ నేలపై లేచినవి, ఆ నేల అంతకుముందు ఎవరిది అను ప్రశ్నను మనము అంతగా వేసికొనలేదు. ఆ ప్రశ్నను వేసికొనుటయే ఈ వ్యాసమున చేసిన ప్రయత్నము. ఎవరిపైనను దోషారోపణము చేయుట దీని యుద్దేశము కాదు.

తోటలు, వాని సొంతదారులు

పదునెనిమిదవ శతాబ్దిలో చెన్నపురియందు తోట యనునది సంపన్నుని సొత్తు. కోటలోని ఆంగ్లేయ వర్తకులును, వారికి దుబాసులుగ నున్న మనవారును పట్టణపు టిఱుకునుండి తప్పించుకొనుటకై ఊరివెలుపల తోటబంగళాలు కట్టుకొనుచుండిరి. గోడ, వాకిలి, కావలివాడు – ఈ మూడును తోటకు లక్షణములు. లోపలి చెట్టునీడ వీథిలో పోవువానికి దక్కదు.

అట్టి తోటలలో నొకటి సుంకురామ శెట్టిది. ఆయన కంపెనీకి ప్రధాన వర్తకుడుగ నుండిన తెలుగువాడు. 1734లో గవర్నరు పిట్టు కాలమున కంపెనీవారు ఆ తోటభూమిని తీసికొని, అచ్చట నేతగాండ్రకును, నూలు వడకువారికిని, అద్దకపువారికిని ఇండ్లస్థలము లేర్పఱచిరి. అదియే నేటి చింతాద్రిపేట. చిన్న మగ్గముల పేట యను అర్థముగల తమిళపదము నుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. బట్టల వ్యాపారమున లాభము కోరియే కంపెనీ ఆ పని చేసెను. అయినను ఒకని తోట పలువురి నివాసమయ్యెను. పట్టణమందలి భూమి ఒకరి చేతినుండి పలువురి చేతికి పోవుటయు, మరల పలువురి చేతినుండి కొందఱి చేతికి వచ్చుటయు గలదని ఈ ప్రథమోదాహరణము తెలుపును.

అందఱకును చెందిన తోట యను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, ప్రబంధము, పుత్రుడు అని సప్తసంతానములను మన పెద్దలు లెక్కించిరి. వనమును ప్రతిష్ఠించినవాడు తన యింటికి ఫలములు తెచ్చుకొనుటకై దానిని నాటడు. పేరెఱుగని బాటసారికి నీడయగుటకై నాటును. ఊరి తోపునకు వాకిలి యుండదు. పశువుల కాపరియు, పెండ్లివారి బండియు, పనిలేక కూర్చుండు ముదుసలియు ఎవరి యనుమతియు లేకయే అచ్చట విశ్రమింతురు. ‘ఏల వచ్చితివి?’ అని యడుగు వాడుండకపోవుటయే తోపుయొక్క ధర్మము. ఈ ధర్మము పల్లెలో నిలిచినంతగా పట్టణములో నిలువలేదు.

ప్రజోద్యానావతరణము

1859 మార్చిలో సర్ చార్లెస్ ట్రెవీలియను మదరాసు గవర్నరుగా వచ్చెను. ఐర్లండు కరవుకాలమున తన కాఠిన్యముచే అపఖ్యాతి పొందిన అధికారి యాయన. చెన్నపురియందు మాత్రము ఆయన నడవడి వేరుగ నుండెను. హిందూదేశ ప్రజలపై వేయదలచిన క్రొత్త పన్నులను బహిరంగముగ నెదిరించి, ఆ కారణముననే 1860లో వెనుకకు పిలువబడెను. ఆయన పాలించిన కాలము పదునైదు నెలలు మాత్రమే. ఆ స్వల్పకాలములో చేసిన పనులలో ప్రజోద్యానమొకటి.

అది ఇంగ్లండులో పారిశ్రామిక నగరములు ప్రజలకొఱకు తోటలు వేయుచుండిన కాలము. 1847లో బర్కెన్‌హెడ్డునందును, 1857లో హాలిఫాక్సునందును అట్టి ఉద్యానములు తెఱువబడెను. కార్ఖానాల పొగలో బ్రతుకు కూలివానికి ఆదివారమునాడు పచ్చని నేల చూపవలెనని వాని యుద్దేశము. ఆ పేరునే, ఆ భావమునే ట్రెవీలియను చెన్నపురికి తెచ్చెను. నల్లపట్టణము అప్పటికే క్రిక్కిఱిసి యుండెను. పెద్దనాయకునిపేట, ముత్యాలపేటల సందులలో తెలుగు కోమట్లును, దేవాంగులును, తమిళ వర్తకులును, గుజరాతీలును, మహమ్మదీయులును ఒకరినొకరు రాచుకొనుచు జీవించుచుండిరి. వారి యిండ్లకు పడమటనున్న మైదానమున, నడచి పోగలిగిన దూరములో, ఈ తోట వెలసెను.

116 ఎకరములలో పదునొకండు కొలనులు, అయిదున్నర మైళ్ల బాటలు, వాద్యమండపము, స్నానశాల అందుండెను. 1855లో వైద్యుడు ఎడ్వర్డు బాల్ఫరు వస్తుప్రదర్శనశాల ఆవరణమున నెలకొల్పిన జంతుశాల 1860ల దశాబ్దిలో ఇచ్చటికి మార్చబడెను. ఏటేట క్రిస్మసు దినములలో ‘పార్కు ఫెయిరు’ అను తిరునాళ్ల వంటి సంత జరుగుచుండెను. పేదలును ధనికులును ఏకస్థలమున చేరుటకు అట్టి అవకాశము పట్టణమున మరియొకటి అరుదు.

ఆ సంతకు విషాదచరిత్రయు గలదు. 1886 డిసెంబరు 31వ తేదీన అచ్చటి పందిళ్లకు నిప్పంటుకొని వందలమంది మరణించిరి. మదరాసు చరిత్రమున అది మఱపురాని దుర్దినము. ఆ తోట కాగితముమీది అలంకారము కాదనియు, వేలాది ప్రజలు నిజముగా చేరు చోటనియు ఆ దుర్ఘటనయే మనకు సాక్ష్యమిచ్చుచున్నది.

తునకలైన విధము

తోట వెలసిన పాతికేండ్లకు అందు మొదటి పెద్ద భవనమునకు శంకుస్థాపన జరిగెను. పట్టణమునకు సభాభవనము కావలెనని పౌరులు కోరిరి. 1883 డిసెంబరు 17వ తేదీన దానికి పునాదిరాయి వేసినవారు విజయనగర మహారాజు సర్ పూసపాటి ఆనంద గజపతి రాజుగారు. ఆయన ఉదారముగ విరాళమిచ్చిరి. భవనమునకు ఆకృతి కల్పించినవాడు చిషోలు దొర. కట్టినవారు తాటికొండ నంబెరుమాళ్లు చెట్టిగారు. దాత మనవాడు, నిర్మాత మనవాడు. విక్టోరియా మహారాణి స్వర్ణోత్సవమును పురస్కరించుకొని ఆ భవనమునకు విక్టోరియా పబ్లిక్ హాలని పేరుపెట్టిరి.

ఆంధ్రనాటక చరిత్రమున ఆ భవనమునకు చిరస్థానము గలదు. 1891లో బళ్లారినుండి ధర్మవరము కృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభతో వచ్చి అచ్చట ప్రదర్శించిన తెలుగు నాటకములను చూచియే పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఉత్తేజితులై, తమిళమున సుగుణవిలాస సభను స్థాపించిరి. తెలుగు రంగస్థలము తమిళ రంగస్థలమునకు దీపమందించిన చోటది. ఇది మన మెల్లరము గర్వింపదగిన విషయము.

గర్వించిన పిదప లెక్కయు చూడవలెను. ఆ భవనమునకై ప్రజోద్యానమునుండి 57 గ్రౌండ్ల నేల, అనగా మూడెకరములకు పైగా, 1886లో 99 ఏండ్ల కౌలునకు ఇయ్యబడెను. గ్రౌండునకు ఏటికి ఎనిమిది అణాల చొప్పున నిర్ణయము. మొత్తము కౌలు ఏటికి 28 రూపాయల ఎనిమిది అణాలు. నాడు అది స్వల్పముగ తోచియుండకపోవచ్చును. కాని కాలము గడచినకొలది నేల విలువ పెరిగెను, కౌలు పెరుగలేదు. ప్రజల నేలను దీర్ఘకాలపు కౌలునకిచ్చుట యనగా మూడు తరములవారికి తెలియకుండ వారి తరపున సంతకము చేయుటయే యని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

తరువాతిది మూరు మార్కెటు. 1898లో ప్రారంభమై 1900లో పూర్తియైన ఆ యెఱ్ఱని భవనము కార్పొరేషను అధ్యక్షుడు సర్ జార్జి మూరు పేర వెలసెను. బ్రాడ్వే ప్రాంతమున వీథులలో క్రిక్కిఱిసిన అంగళ్లకు స్థానము కల్పించుట దాని ప్రయోజనము. పాతపుస్తకముల కొఱకు మూడు తరముల విద్యార్థులు అచ్చట తిరిగిరి. పేదవానికి ఉపకరించిన మార్కెటది. అదియు తోటనేలయందే.

పిమ్మట రిప్పను భవనము. 1909లో పునాది పడి 1913లో ముగిసిన ఈ తెల్లని సౌధమునకు ఏడున్నర లక్షల రూపాయలు వ్యయమయ్యెను. స్థానిక స్వపరిపాలనకు బాట వేసిన రిప్పను ప్రభువు పేర అది వెలసెను. 1882 మొదలుగా నాలుగు దశాబ్దులు నగర సభ్యత్వము వహించి, 1920లో కార్పొరేషనునకు ప్రప్రథమ అనధికార అధ్యక్షుడైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు దేవాంగ కులజుడైన తెలుగువాడు. పైన చెప్పిన నిర్మాణములన్నియు ఆయన కన్నులయెదుట జరిగినవే. ప్రజాప్రభుత్వమునకు గృహము ప్రజల తోటలోనే వెలసెను. తోటను కాపాడవలసిన సభయే తోటలో కాపురము పెట్టెను.

అటుపై క్రీడాస్థలము. కార్పొరేషను స్టేడియమున 1956 జనవరిలో న్యూజీలండు జట్టుపై వినూ మంకడు, పంకజ్ రాయ్‌లు తొలి వికెట్టునకు 413 పరుగులు చేసిన సంగతి క్రికెట్టు అభిమానులు మఱువరు. 1993లో అదే స్థలమున నెహ్రూ స్టేడియము సరిక్రొత్తగ నిర్మింపబడెను.

ఈ యన్నిటిలోను ఏది చెడ్డపని? సభాభవనము కావలయును. మార్కెటు కావలయును. నగరసభకు ఇల్లు కావలయును. పిల్లలకు ఆటస్థలము కావలయును. ప్రతి దానికిని తగిన కారణముండెను. ప్రతి దానికిని పునాదిరాయి యుండెను. ఆ రాతిపై దాత పేరు, అధికారి పేరు, తేది చెక్కబడెను. తోటనుండి ఎంత నేల తగ్గెనో మాత్రము ఏ రాతిపైనను చెక్కబడలేదు. అందువలన ఏ ఒక్కనాడును తోట పోయినదని ఎవరికిని తోచలేదు.

భవనమునకును బయటి నేలకును ఒక భేదము గలదు. భవనము సార్వజనికమే యైనను దానికి తలుపుండును. తలుపునకు వేళయు, టిక్కెట్టును, సభ్యత్వమును, మర్యాదయు ఉండును. నాటకమునకు టిక్కెట్టు కొనలేని నేతపని స్త్రీ హాలులోనికి పోజాలదు. అదే స్థలము తోటగా నుండినపుడు ఆమె పసిబిడ్డతో చెట్టుక్రింద కూర్చుండగలిగెను. భవనము ఆమెనుండి ఏమియు దొంగిలించినట్లు కనబడదు; కాని ఆమె కూర్చున్న చోటు మాత్రము పోయినది. ప్రజలకొఱకు కట్టినదంతయు ప్రజలందఱకును అందునది కాదు.

1985

తోట చరిత్రలో 1985వ సంవత్సరము చిత్రమైనది. 1886లో ఇచ్చిన 99 ఏండ్ల కౌలు ఆ యేటితో ముగిసెను. అదే సంవత్సరము మే 30వ తేదీన మూరు మార్కెటు అగ్నికి ఆహుతి యయ్యెను. అదే సంవత్సరము జూలై 24వ తేదీన వండలూరు జంతుశాల ప్రారంభింపబడి, ఇచ్చటి జంతుశాల చరిత్ర ముగిసెను. పట్టణపు నడిబొడ్డున నడచిపోయి చూడగలిగిన మృగములు సుమారు 30 కిలోమీటర్ల దూరమునకు పోయెను. మృగములకు అచ్చట విశాలమైన అడవి దొరకెను. అది వానికి మేలే.

ఒక్క యేటిలోనే తోటనేలలో మూడు చోట్ల పాతబంధములు విడిపోయెను. విడిపోయిన తునకలను కూర్చి మరల తోటగ చేయవచ్చు ననుటకు అంతకంటె అనువైన సమయము లేదు. అట్లు జరుగలేదు. మార్కెటు స్థలమున సబర్బను రైళ్ల స్టేషను వెలసెను. దానికి నేటికిని ‘మూరు మార్కెటు కాంప్లెక్సు’ అను పేరే నిలిచియున్నది. పార్కు పోయి పార్కు పేరు మిగిలినట్లే, మార్కెటు పోయి మార్కెటు పేరు మిగిలెను. హాలు వ్యవహారము దీర్ఘకాలము వివాదములలో చిక్కుకొని, తుదకు కార్పొరేషను స్వాధీనమునకు వచ్చెను. పూర్వపు ప్రజోద్యానములో చెప్పుకొనదగిన హరితశేషము ‘మై లేడీస్ గార్డెను’ అను చిన్న తోట మాత్రమే.

పానగల్లు తోట

ప్రజోద్యానము తఱుగుచున్న కాలముననే చెన్నపురికి పడమటి దిక్కున మాంబళమున మరియొక తోట పుట్టెను. దాని చరిత్రయు మనవారితో ముడివడినదే. 1920వ సంవత్సరపు పట్టణ నిర్మాణ చట్టము ననుసరించి, 1923 ప్రాంతమున పెద్దచెరువు నేలపై క్రొత్తపేట నొకదానిని ఏర్పఱచిరి. త్యాగరాయ చెట్టిగారి పేర అది త్యాగరాయనగర మయ్యెను. దాని నడుమ ఒక తోటకు స్థలము వదలి, నాటి ప్రధానమంత్రి పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి పేర పానగల్లు పార్కని వ్యవహరించిరి. శ్రీకాళహస్తిలో జన్మించిన ఆయన 1921 మొదలు 1926 వఱకు మదరాసు రాజధానికి ప్రధానమంత్రి.

ఒక చెరువును పూడ్చి పేట కట్టుట నేటి దృష్టికి నష్టముగనే తోచును. అయినను ఇండ్లకు ముందే తోటకు నేల విడుచుట గమనింపదగినది. మిగిలిన నేలలో తోట వేయుట కాదు. తోటచుట్టును ఊరు కట్టుట. వీథులు తోటనుండి బయలుదేరును గనుక తోటను తొలగించినచో ఊరి యాకృతియే చెడును. అందుచేతనే చుట్టుపట్ల అంగళ్లు ఆకాశమంటినను ఆ తోట ఒక శతాబ్ది నిలిచెను. ఇటీవల మెట్రో రైలు రెండవ దశ నిర్మాణమునకై దానిలో కొంతభాగము కంచె వెనుకకు పోయినది. రైలు అందఱకును కావలసినదే. పని ముగిసిన పిదప ఎంతనేల తోటకు తిరిగి వచ్చునో లెక్క చూచుకొనుట పౌరుల విధి. ప్రజోద్యానము నేర్పిన పాఠము అదియే.

పానగల్లు రాజాగారి కాలమున జరిగిన మరియొక కార్యము మన విచారణకు ఉపకరించును. హిందూ దేవాదాయముల చట్టమును ఆయన ప్రభుత్వమే తెచ్చెను. దేవుని మాన్యము ధర్మకర్తది కాదు. అతడు కాపాడువాడే గాని అనుభవించువాడు కాడు అను సూత్రము దాని ప్రాణము. తోటకును ఈ సూత్రమే వర్తింపవలదా? దేవునిమాన్యమునకు దేవుడొకడు యజమానిగ నున్నాడు. ప్రజల మాన్యమునకు యజమానులు లక్షలమంది. వారు ఒక్కచోట కూడి తమది యని చెప్పలేరు. కావున దానిని కాపాడు భారము మరింత గుఱుతరము.

కౌలు తోటలు

కొన్ని తోటలు ప్రభుత్వపు నేలయందే యుండియు కొందఱి యధీనమున నుండిన చరిత్రయు గలదు. కెథీడ్రలు రోడ్డునందలి వ్యవసాయోద్యాన సంఘపు తోట అట్టిది. 1835లో స్థాపితమైన ఆ సంఘము మొక్కల పెంపకమునకు చేసిన సేవ గణనీయము. ఆ తోటలో ఒక భాగమున 1962లో వుడ్‌లాండ్సు డ్రైవిన్ హోటలు తెఱువబడెను. కారులో కూర్చుండియే ఇడ్లీ కాఫీలు సేవించుట నాటివారికి వింత. చెట్లనీడలో గంటలకొలది కూర్చుండి మాటలాడుకొన్న పెద్దలు నేటికిని దానిని ప్రేమతో తలచుకొందురు. అయితే ఆ నీడలోనికి పోవుటకు కాఫీ వెలయే వాకిలి.

2008లో ఆ హోటలు మూతపడెను. 2010 నవంబరు 24వ తేదీన అదే నేలపై సుమారు 20 ఎకరములలో సెమ్మొళి పూంగా అను ఉద్యానము తెఱువబడెను. కొందఱి వినియోగమున నున్న నేల పలువురకు తిరిగి వచ్చుట సాధ్యమే యనుటకు ఇది సాక్ష్యము. పోయినది రాదను నిరాశకు కారణము లేదు.

వ్యవహారము అంతటితో ముగియలేదు. వివాదముల పిదప సంఘమునుండి ప్రభుత్వము తీసికొన్న మరి ఆఱెకరముల నేలలో 2024 అక్టోబరు 7వ తేదీన కలైజ్ఞర్ శతాబ్ది ఉద్యానము ప్రారంభమయ్యెను. తెఱచిననాడు ప్రవేశరుసుము పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50 రూపాయలు. భార్యాభర్తలు ఇద్దఱు బిడ్డలతో వచ్చినచో 300 రూపాయలు. లోపలి వినోదములకు వేరుగ చెల్లింపవలెను. నిర్వహణకు వ్యయము కావలయునను మాట నిజమే. అయినను 300 రూపాయల తోట ఒక కుటుంబమునకు పండుగనాటి విహారము; ఉచితమైన తోట దానికి ప్రతిదినపు టూపిరి. నేల ప్రజలదైనంత మాత్రమున తోట ప్రజలది కాదనియు, వాకిటిలో ఏమి యడుగుచున్నారో అది తోట ఎవరిదో నిర్ణయించుననియు ఇందుండి తెలియును.

చట్టము చెప్పినది

ఈ విషయమున మన దేశమున చట్టములు లేకపోలేదు. 1959లో మదరాసు శాసనసభ ఉద్యానములను, క్రీడాస్థలములను, బహిరంగ స్థలములను కాపాడుటకు ప్రత్యేక చట్టము చేసెను. స్థానిక సంస్థలు తమ తోటల పట్టికను సిద్ధపఱుపవలెననియు, పట్టికకెక్కిన తోటను అనుమతి లేక ఇతరకార్యములకు వాడరాదనియు అందు గలదు. 1992లో జరిగిన డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణమున పురపాలక సంస్థలకు అప్పగింపదగిన విధులలో ఉద్యానములును, ఆటస్థలములును పేర్కొనబడెను.

మన సోదరులనేకులు తరతరములుగ నివసించు బెంగళూరునుండియే ఈ విషయమున గొప్పతీర్పు వచ్చెను. అచ్చట రాజమహల్ విలాస్ పేటలో పార్కునకై ఉంచిన స్థలమును ఆస్పత్రి కట్టుటకై ఒక ట్రస్టునకు ఇచ్చిరి. పేటవాసులు న్యాయస్థానమున కెక్కిరి. 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పెను. ఆస్పత్రి చెడ్డదని న్యాయమూర్తులనలేదు. తోటకై ఉంచిన నేల తోటగానే యుండవలెననియు, దానికి బదులు ప్రైవేటు చికిత్సాలయము సమానము కాదనియు వారి తీర్పు సారాంశము. 1996లో మరియొక వ్యాజ్యమున, నదులు అడవులు మొదలగు ప్రకృతిసంపదలకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే యను సూత్రమును ఆ న్యాయస్థానమే మన న్యాయశాస్త్రమున నెలకొల్పెను. ట్రెవీలియను తోటలో వెలసిన ప్రతి భవనమునకును ఈ తీర్పుల వెలుగులో ఒక ప్రశ్న వేయవచ్చును: ‘నీవు మంచిదానవే, కాని నీవు తీసికొన్న నేలకు బదులు నేల యెచ్చట?’ ఆ ప్రశ్నను నాడెవరును అడుగలేదు. నేడడుగుట మన చేతిలోని పని.

ఉపసంహారము

1952, 53 సంవత్సరములలో ‘మదరాసు మనదే’ యను నినాదము ఇరుపక్షములవారి నోటను మారుమ్రోగెను. నగరము ఎవరిదను వాదములో మనము మునిగియున్న కాలమున, నగరమందలి తోట ఎవరిదను ప్రశ్న ఎవరికిని తోచలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేఱుపడెను. నగరము తమిళులతో నిలిచెను. మనలో లక్షలమంది ఇచ్చటనే యుండిపోయితిమి. నగరము ఒకరిది కాజాలదనియు, నివసించు వారందఱిదియు ననియు ఈ డెబ్బది యేండ్ల సహజీవనము మనకు నేర్పినది. చెట్టునీడకు భాష లేదు. తోటలో బల్లమీద కూర్చున్నవానిని ‘నీవు తెలుగువాడవా, తమిళుడవా’ అని యడుగువారు లేరు.

ఇక మనకు సంబంధించిన సూటిమాట యొకటి చెప్పి విరమింతును. కర్ణాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్రములలోను, యానామునను గల మన సంఘములు భవనములు కట్టుకొనుటకు ప్రభుత్వమువారిని, నగరపాలకులను స్థలము కోరుట సహజము. మన భాష నిలుచుటకు భవనములు కావలయును. కాని అట్టి విన్నపము వ్రాయునపుడు మన కార్యవర్గములు మూడు ప్రశ్నలను ముందుగ వేసికొనవలెను. మనము కోరు నేలలో నేడు ఏ పనియు లేక ఎవరు కూర్చుండుచున్నారు? మన కౌలు ముగియునాటికి మన మనుమలు దానిని తిరిగి యిచ్చుటకు సిద్ధపడుదురా? మనము తీసికొన్నంత నేలను మరియొకచోట తోటగ ఇచ్చుటకు మనము పూనుకొందుమా? ఈ మూటికిని సంతృప్తికరమైన సమాధానము లేనిచో, ఆ స్థలమును కోరకుండుటయే మన సంస్కృతికి తగిన పని. విజయనగర ప్రభువు దానశీలమును, నంబెరుమాళ్లు చెట్టిగారి నిర్మాణకౌశలమును తలచుకొని గర్వింతము. వారు ఆ కాలమున చూడలేకపోయినదానిని మనము చూడగలుగుట వారిపట్ల అపచారము కాదు.

వనప్రతిష్ఠ సప్తసంతానములలో నొకటి. ఉన్న వనమును కాపాడుటయు అట్టి సంతానమేనని చెప్పవచ్చును. పార్కు స్టేషనుకు టిక్కెట్టు కొను బాలుడు ఏదో యొకనాడు ‘తాతా, ఆ పార్కు ఏది?’ అని యడుగును. ఆ తోటను మనము చూపలేము. అది యెట్లు పోయెనో చెప్పి, మిగిలిన తోటలోనికి వానిని చేయిపట్టుకొని తీసికొనిపోగలుగుట మాత్రము మన చేతిలోనున్నది.